టోక్యోలోని డెనెన్‌చోఫు పాత రైలు స్టేషను భవనం గారి సముఖానికి

మహారాజశ్రీ భవనం గారికి,

తమరి ఉద్యోగం ఏమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను. టికెట్ కౌంటర్ లేదు, గేటు లేదు, రైళ్లన్నీ భూగర్భంలో తిరుగుతున్నాయి. తమరేమో పైన ఆ యూరప్ పల్లెటూరి ఇంటికప్పు నెత్తిన పెట్టుకుని, పడమటి వాకిట ఫొటోలకు నిలబడి ఉంటారు. 1990లో పట్టాలు నేలకిందికి దింపుతూ తమర్ని ఊడదీస్తే, హమ్మయ్య, రిటైరయ్యారనుకున్నారు. 2000లో మళ్లీ తెచ్చి నిలబెట్టారు. అచ్చం ఉత్సవ విగ్రహం పోస్టింగు. ఊరేగింపు కూడా లేదు పాపం.

అయినా తమరి అసలు డ్యూటీ మొదటి నుంచీ ప్లాట్లు అమ్మిపెట్టడమే కదా! పెద్ద పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి గారు 1918లో స్థలాల కంపెనీ పెట్టించి, ఊరి సౌకర్యాలూ పల్లె పచ్చదనమూ కలిపిన ఇంగ్లండు వాళ్ల తోటనగరాల ఊహను టోక్యో శివారు పొలాల్లో నాటారు. స్థలం అమ్ముడుపోవాలంటే రైలుండాలి. అందుకని 1923 మార్చిలో మెగురో నుంచి లైను వేశారు. ఆ ఏడే ప్లాట్ల అమ్మకం మొదలైంది, సెప్టెంబరు 1న మహాభూకంపం వచ్చింది. నగరం నడిబొడ్డు తగలబడి, జనం శివార్ల దారి పట్టారు. ఏ వెంచర్ బ్రోచరూ చేయలేని ప్రచారం. దాన్ని అదృష్టం అనడానికి మాత్రం నోరు రావడం లేదు. 1926లో ఒట్టి 'చోఫు' అనే తమరి పేరుకు ముందు 'డెనెన్' (అంటే పొలాలూ తోటలూ) తగిలించి, ఆ పేరుతోనే రేటూ పెంచి ఉంటారని నా అనుమానం.

కొన్నవాళ్లకు షరతులు కూడానట: ప్రహరీ వద్దు, తప్పదంటే అందంగా ఉండాలి. తమరి గుమ్మం ముందు అర్ధవలయాలుగా సాగే వీధులూ, గింకో చెట్ల వరసలూ ఆ పద్ధతి ప్రకారమే. షిబుసావా గారి బొమ్మ 2024 నుంచి పదివేల యెన్‌ల నోటు మీదికెక్కింది. ఆయన వేసిన కాలనీలో ఇల్లు కొనాలంటే ఆయన ముఖాన్నే కట్టలు కట్టలుగా పేర్చాలి. ఇంతకన్నా నిక్కచ్చి వ్యాపారి ఉంటాడా?

ఇక నా విన్నపం. ఇంత దర్జా ఉన్న పేట, అయినా తోయోకో లైను లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ తమరి కాళ్లకింద నుంచే ఆగకుండా పోతుంది. పక్కనున్న జియుగావోకాలో మాత్రం ఆగుతుంది. తమరికెలాగూ పనేం లేదు, పరపతి ఉంది. పైవాళ్లతో ఒక మాట చెప్పి చూడండి.

ఇట్లు,
కింద లోకల్ కోసం నిలబడ్డవాడు