"అలవాటు పడాలమ్మా" అని పంపించేస్తే అక్కడితో ఆగిపోకండి

పొద్దున్నే తెలిసిన చెల్లెలు ఒకామె మెసేజ్ పెట్టింది. వాళ్ళ అత్తగారికి దవడలో కరెంటు కొట్టినట్టు నొప్పి వస్తోందట, ఇప్పటికే రెండు పళ్ళు పీకించారట, మూడోది కూడా పీకించమంటారా అక్కా అని అడిగింది. వెంటనే ఫోన్ చేసి, ముందు ఆగండి, పన్ను తర్వాత సంగతి, నరాల డాక్టర్‌కి చూపించండి అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు చేతులు వణికాయి. ఎందుకంటే మూడేళ్ళ కిందట నాకు ఆగమని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు, నా నోట్లో కుడివైపు మూడు మంచి పళ్ళు పోయాయి.

నాకు నొప్పి ఎలా వచ్చేదో చెప్తాను, ఇలాంటిదే మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే గుర్తుపట్టడానికి పనికొస్తుంది. పళ్ళు తోముకుంటే వచ్చేది. ముఖం కడుక్కుంటే, ముక్కుపుడక సర్దుకుంటే, ఫ్యాన్ గాలి చెంపకి తగిలితే, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే, ఉన్నట్టుండి పై దవడ నుంచి ముక్కు పక్కగా కంటి కింద దాకా ఒక్క మెరుపు కొట్టేది, చేతిలో గిన్నె ఉంటే గిన్నె జారిపోయేది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. తర్వాత ఏమీ లేనట్టు పోయేది. అలా పోవడం వల్లే ఎవరూ నమ్మరు. ఇందాకే కదా బాగా మాట్లాడావు అంటారు. నేను మాట్లాడటం తగ్గించేశాను, జావ తాగి బతికాను, వేసవిలో కూడా చెంపకి చున్నీ కట్టుకుని తిరిగాను. నొప్పి ఉన్న నిమిషాలకన్నా అది ఎప్పుడొస్తుందో అన్న భయంతో గడిపిన గంటలే ఎక్కువ.

మొదట రూట్ కెనాల్ అన్నారు. తగ్గలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనపడటం లేదు గానీ పీకితే పోవచ్చు అన్నారు, పీకించుకున్నాను, ఆ పక్కది, ఆ పక్కది. సైనస్ అని కొన్నాళ్ళు. మామూలు నొప్పి బిళ్ళలు ఎన్ని మింగినా పిసరంత తేడా లేదు, అసలు ఆ బిళ్ళలు ఈ నొప్పి మీద పనిచేయవని నాకు ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక డాక్టర్ రిపోర్టులు చూసి, వయసు వచ్చాక ఇవన్నీ మామూలే, టెన్షన్ తగ్గించుకోండి, అలవాటు పడాలమ్మా అన్నాడు. నాకు అప్పుడు 52 ఏళ్ళు. ఆ రాత్రి నాకు వచ్చిన ఆలోచనలు ఇక్కడ రాయను. అలాంటి రాత్రి మీకు వస్తే ఒంటరిగా ఉండకండి, పక్కనున్నవాళ్ళని లేపండి, లేదా 14416 కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులు ఉండవు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు.

నయం కాని జబ్బులు ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ పేరు కూడా తేల్చకుండా భరించమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మా ఆడపడుచు పట్టుబట్టి న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నా ఫైల్ పక్కన పెట్టి, ఒక్కోసారి ఎన్ని సెకన్లు ఉంటుంది, ఎక్కడ తాకితే మొదలవుతుంది, ఎంతవరకు పాకుతుంది వేలితో చూపించండి అన్నారు. అంతకుముందు ఒక్కరూ ఆ ప్రశ్నలు అడగలేదు. నేను చూపిస్తుండగానే ఏడ్చేశాను. దాని పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా. ముఖానికి ఒక్కోవైపు ఒక్కో పెద్ద నరం ఉంటుంది, అది నుదుటికి, చెంపకి, కింది దవడకి మూడు కొమ్మలుగా వెళ్తుంది. కింది రెండు కొమ్మలే పళ్ళకీ వెళ్తాయి కాబట్టి అందరూ పన్నునే అనుమానిస్తారు. చాలామందిలో మెదడు దగ్గర ఆ నరం మొదలయ్యే చోట ఒక రక్తనాళం దాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది, నరం మీది పొర అరిగిపోతుంది. మా ఆయన ఎలక్ట్రీషియన్. తొడుగు పోయిన వైరన్నమాట అని ఆయనకి వెంటనే అర్థమైంది. గడ్డలాంటిదేమైనా ఉందేమో చూడటానికి ఎమ్మారై తీయించారు. లేదు, రక్తనాళమే.

కార్బమజెపీన్ రాశారు. మెడికల్ షాపు అబ్బాయి మీకు ఫిట్స్ ఉన్నాయా అని అడిగితే మా అత్తగారు భయపడిపోయారు. ఫిట్స్‌కి వాడే మందే, కానీ ఈ నొప్పికి కూడా మొదట ఇచ్చేది అదే. తేలికైన మందు కాదు. మొదటి నెల తూలుతూ నడిచాను. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే రమ్మన్నారు, రక్తంలో సోడియం తగ్గుతుందని టెస్టులు చేయిస్తున్నారు, మనంతట మనం హఠాత్తుగా ఆపకూడదన్నారు. కానీ రోజుకి నలభైసార్లు వచ్చేది మూడు నాలుగుసార్లకి తగ్గింది. ఆరు నెలల తర్వాత పప్పన్నం నమిలి తిన్నాను.

నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం మందు ఒక్కటే కాదు. మొదటిరోజే ఆయన ఒక కాగితం మీద వరసగా రాసిచ్చారు: ఈ మందు పడకపోతే ఆక్స్‌కార్బజెపీన్, అదీ కాకపోతే ఇంకోటి కలపొచ్చు, అప్పటికీ లొంగకపోతే చెవి వెనక పుర్రెకి చిన్న రంధ్రం చేసి రక్తనాళానికీ నరానికీ మధ్య టెఫ్లాన్ ముక్క పెట్టే ఆపరేషన్, అంత పెద్ద ఆపరేషన్‌కి శరీరం తట్టుకోదంటే చెంపలోంచి సూదితో చేసేది, లేదంటే గామా నైఫ్, అంటే కోత లేకుండా రేడియేషన్ కిరణాలతో చేసేది. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో పైనే ఉంటుంది. ధైర్యంగా ఉండు అన్న వందమంది మాటలకన్నా, ఇంకా ఎన్ని మెట్లు మిగిలి ఉన్నాయో చూపించిన ఆ కాగితమే నన్ను నిలబెట్టింది.

డబ్బు సంగతి నాకు తెలుసు. ప్రైవేటుకే వెళ్ళాలని లేదు. హైదరాబాద్‌లో నిమ్స్, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో న్యూరాలజీ, న్యూరోసర్జరీ విభాగాలు రెండూ ఉన్నాయి. క్యూ ఉంటుంది, తెల్లవారుజామునే బయల్దేరాలి. వెళ్ళేముందు ఒక వారం పాటు నొప్పి ఎప్పుడొచ్చింది, ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపుంది రాసిపెట్టుకోండి. డాక్టర్ మనకిచ్చే ఐదు నిమిషాల్లో అన్నీ గుర్తురావు.

రెండు నెలలుగా నాకు మళ్ళీ పెరుగుతోంది, డోసు పెంచితే మత్తు ఆగడం లేదు. అందుకే వచ్చే మంగళవారం న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్తున్నాను. అడగాల్సినవి రాసుకున్నాను. ఇలాంటి ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు, వినికిడి పోయే ప్రమాదం ఎంత, ముఖం తిమ్మిరెక్కుతుందా, కొన్నేళ్ళకి నొప్పి తిరిగొస్తే అప్పుడేం చేస్తారు. చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఇంకేం అడగాలో మంగళవారం లోపు చెప్పండి.