అత్త మీది కోపం క్వార్టర్‌బ్యాక్ మీద

2026 జనవరి 10న అమెరికాలోని షార్లెట్‌లో కరోలినా పాంథర్స్ జట్టు గెలుపు గుమ్మం దాకా వచ్చి ఓడిపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్)లో ఓడితే ఇంటికే అనే ప్లేఆఫ్ ఆట. ఆఖరి నిమిషం మొదలయ్యేసరికి పాంథర్స్‌కు 31 పాయింట్లు, లాస్ ఏంజిలిస్ రామ్స్‌కు 27. రామ్స్ సునాయాసంగా గెలిచిపోతుందని అంతా అనుకున్న రోజది. 37 ఏళ్ల మాథ్యూ స్టాఫర్డ్ నిమిషం కూడా మిగలని ఆ ఘడియలో, గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ బంతి విసిరాడు. 34-31. ఎనిమిదేళ్ల తర్వాత పాంథర్స్‌కు దక్కిన ప్లేఆఫ్ అవకాశం అక్కడితో ముగిసింది. ఆ బాధ చల్లారకముందే పాత ప్రశ్న మళ్లీ పొయ్యి మీదికెక్కింది: మన క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ సరైనవాడేనా, కాదా?

అతని వయసు 24. ఈ ప్రశ్న వయసు మూడేళ్లు. మూడేళ్లుగా అభిమానులు రెండు వర్గాలుగా చీలి, ఒకే ఆటను చూసి రెండు ఆటలను వర్ణిస్తున్నారు. బ్యాంకు కొలువులతో షార్లెట్ చేరిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ తగాదా ఉంది. తండ్రికి క్రికెట్ తప్ప మరో ఆట తలకెక్కదు. యంగ్ తొమ్మిదో నంబరు జెర్సీ వేసుకున్న కొడుకు మాత్రం సోఫా అంచున కూర్చుని గోళ్లు కొరుక్కుంటాడు. ఆ తండ్రి కోసమైనా క్వార్టర్‌బ్యాక్ చేసే పనేమిటో కాస్త చెప్పాలి.

ఆటలో ఒక ఎత్తు (ప్లే) ముగిసి మరో ఎత్తు మొదలుపెట్టడానికి జట్టుకు 40 సెకన్లు. ఏ ఎత్తు వేయాలో కోచ్ రేడియోలో చెబితే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో వినపడుతుంది. గడియారం 15 సెకన్లకు రాగానే ఆ రేడియో మూగబోతుంది. ఆ తర్వాత అతనొక్కడే. ఎదుటి పదకొండు మంది ఎక్కడ నిలబడ్డారో, ఎవడు దూకబోతున్నాడో, ఎవడు దూకినట్టు నటిస్తున్నాడో చదవాలి. బంతి చేతికి వచ్చాక మిగిలేది సుమారు రెండున్నర సెకన్లు. మైదానంలో నలుగురైదుగురు నాలుగైదు దిక్కులకు పరుగెడుతుంటారు. వాళ్లలో ఒకడు ఖాళీ కాబోయే చోటికి, వాడింకా అక్కడికి చేరకముందే బంతి విసరాలి. ఈలోగా నూటయాభై కిలోల మనుషులు మీదికి వస్తుంటారు. యంగ్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. ముందు గోడలా నిలబడే సొంత జట్టువాళ్లు ఆరడుగులు దాటినవాళ్లు. వాళ్ల భుజాల మీదుగా కాదు, సందుల్లోంచి చూడాలి. తిరునాళ్లలో తండ్రి భుజమెక్కని పిల్లవాడు రథాన్ని చూసినట్టు.

ఇంత కష్టమైన పని కాబట్టి విమర్శించకూడదని మేము అనడం లేదు. కోట్ల డాలర్లు తీసుకునేవాడిని టికెట్టు కొన్నవాడు నిలదీయవచ్చు. మా అభ్యంతరం తూకం మీద. యంగ్‌ను అతని ఆటతో తూచడం లేదు. అతని కోసం ఇతరులు చెల్లించిన ధరతో తూస్తున్నారు.

ఆ ధర సంగతి చూద్దాం. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 2023 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం షికాగో బేర్స్ చేతిలో ఉంది. దాని కోసం పాంథర్స్ యాజమాన్యం ఆ ఏటి తొమ్మిదో స్థానాన్నీ, 61వ స్థానాన్నీ, 2024 తొలి రౌండు ఎంపికనూ, 2025 రెండో రౌండు ఎంపికనూ ఇచ్చింది. అవి చాలవన్నట్టు జట్టులో ఉన్న మంచి రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) డీజే మూర్‌నూ ఇచ్చేసింది. అలబామా విశ్వవిద్యాలయం తరఫున 2021లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న కుర్రవాడిని మొదటి స్థానంలో తీసుకుంది. ఈ బేరం యంగ్ కుదుర్చుకున్నది కాదు. అతన్నెవరూ అడగలేదు కూడా.

తీరా అతను వచ్చి చూస్తే ఇంట్లో ఏముంది? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బంతి అందుకునేవాళ్లలో నమ్మదగినవాడు 33 ఏళ్ల ఆడమ్ థీలెన్ ఒక్కడే. ముందున్న రక్షణ గోడ తడికెతో సమానం. ఆ ఏడాది యంగ్‌ను బంతి విసరకముందే 62 సార్లు నేలకు కొట్టారు. పదకొండు ఆటలకే కోచ్ ఫ్రాంక్ రైక్‌ను ఇంటికి పంపారు. జట్టు రెండు గెలిచి పదిహేను ఓడింది. చివరి రెండు ఆటల్లో సున్నా పాయింట్లు. డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుదే మొదటి వంతు; గెలిచినవి రెండే కావడంతో షికాగోకు ఇచ్చేసిన 2024 ఎంపిక కాస్తా దేశంలోకెల్లా మొదటి స్థానమైంది. దానితో షికాగో క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. ఓడినకొద్దీ పొరుగువాడికి మేలు జరిగిన ఏడాది అది.

దానికి తోడు పోలిక. యంగ్ తర్వాత రెండో స్థానంలో హ్యూస్టన్ తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ తొలి ఏడాదే బంతులు విసిరి జట్టును 4,108 గజాలు ముందుకు జరిపి, 23 టచ్‌డౌన్లకు ఐదే ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు చేజిక్కించుకున్న బంతులు) ఇచ్చి, జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. యంగ్ లెక్క 2,877 గజాలు, 11 టచ్‌డౌన్లు, 10 ఇంటర్‌సెప్షన్లు. పక్కింటి అబ్బాయికి వచ్చిన ర్యాంకు మన ఇళ్లలో ఎన్ని రాత్రుల భోజనాలను చేదు చేసిందో తెలుగువారికి చెప్పనక్కర్లేదు. ఆ పక్కింటి అబ్బాయే ఈ జనవరిలో న్యూఇంగ్లండ్‌తో ప్లేఆఫ్ ఆటలో సగం సమయానికే నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఇప్పుడు హ్యూస్టన్ అభిమానులు మొదలుపెట్టారు: మనవాడు సరైనవాడేనా?

2023 డిసెంబరు 31న జాక్సన్‌విల్‌లో ఓడిపోతున్న తన జట్టును పైనున్న గదిలోంచి చూస్తూ పాంథర్స్ యజమాని డేవిడ్ టెపర్ చేతిలోని పానీయాన్ని కింద ఉన్న ప్రేక్షకుడి మీదికి విసిరాడు. లీగ్ 3 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మాకు మాత్రం ఆ జట్టు కథంతా ఆ ఒక్క గ్లాసులో కనిపిస్తుంది. 2018లో జట్టును కొన్నప్పటి నుంచి ఆయన కోచ్‌లను మారుస్తూనే ఉన్నాడు: రివేరా, రూల్, రైక్, మధ్యలో ఆపద్ధర్మ కోచ్‌లు, ఇప్పుడు డేవ్ కెనాలెస్. క్వార్టర్‌బ్యాక్‌లనూ అంతే: బ్రిడ్జ్‌వాటర్, డార్నల్డ్, మేఫీల్డ్. అభిమానికి వీటన్నిటి మీదా కోపముంది. కానీ యజమానిని మార్చడం అభిమాని చేతిలో లేదు. తొమ్మిదో నంబరువాడిని ఈలలతో తరమడం ఉంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

2024లో మరో మెట్టు దిగారు. మొదటి ఆటలో న్యూఆర్లీన్స్ 47-10తో చితక్కొట్టింది; రెండో ఆటలో యంగ్ విసిరింది మొత్తం 84 గజాలు. రెండే ఆటలకు అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి 36 ఏళ్ల ఆండీ డాల్టన్‌ను దింపారు. డాల్టన్ వెంటనే లాస్ వేగస్‌లో గెలిపించేసరికి అభిమానుల్లో సగం మంది కుర్రవాడికి తద్దినం పెట్టేశారు. ఆ గెలుపు తర్వాత వరసగా ఓటములే. అక్టోబరులో కారు ప్రమాదంలో డాల్టన్ బొటనవేలు దెబ్బతింది. వేరే దారిలేక యంగ్‌ను మళ్లీ దింపారు. తిరిగి వచ్చినవాడు వేరే మనిషి. మ్యూనిక్‌లో జెయింట్స్‌పై గెలుపు, కాన్సస్ సిటీని చివరి క్షణం దాకా పరుగెత్తించి ఓడిన ఆట.

ఆ డిసెంబరులో ఫిలడెల్ఫియాలో జరిగినది చూడండి. ఈగల్స్ 22, పాంథర్స్ 16. ఆఖరి నిమిషం. యంగ్ గోల్ గీత దగ్గరికి పొడవాటి బంతి విసిరాడు. కొత్త రిసీవర్ జేవియర్ లెగెట్ రక్షకులను దాటి దాని కింద ఉన్నాడు. బంతి చేతుల్లోకి వచ్చింది, చేతుల్లోంచి జారి గడ్డి మీద పడింది. ఆట పోయింది. స్కోరు పుస్తకంలో ఆ బంతి ఎవరి ఖాతాలో పడిందంటే యంగ్ ఖాతాలోనే: ఒక విఫల ప్రయత్నం. పట్టుకుని ఉంటే ఆ ఏటి విజేతలను వాళ్ల సొంత మైదానంలో ఓడించిన కుర్రవాడయ్యేవాడు. రెండింటిలోనూ అతను చేసిన పని ఒక్కటే, విసిరిన చేయి ఒక్కటే.

యంగ్ బాగుపడటానికి కారణం బెంచీ మీద నేర్చుకున్న బుద్ధి మాత్రమే కాదు. తొలి ఏడాది అయ్యాక యాజమాన్యానికి జ్ఞానోదయమై, గోడలో ఇటుకలు పెట్టింది. రాబర్ట్ హంట్‌కు ఐదేళ్లకు 10 కోట్ల డాలర్లు, డేమియన్ లూయిస్‌కు నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్లు. 2025లో పొడగరి రిసీవర్ టెటైరోవా మెక్‌మిలన్‌ను తెచ్చారు. ముందు చేయవలసిన పనిని తర్వాత చేసి, ఆలస్యానికి వడ్డీ మాత్రం కుర్రవాడి వీపు మీద వసూలు చేశారు.

విమర్శకుల మాటల్లో పస లేదనడం అన్యాయం. 2025 నవంబరులో రెండు వరస ఆదివారాలు తీసుకోండి. మొదటి ఆదివారం సొంత మైదానంలో న్యూఆర్లీన్స్ చేతిలో 17-7తో ఓటమి. యంగ్ ఉన్నాడో లేడో తెలియలేదు. తర్వాతి ఆదివారం అట్లాంటాలో 448 గజాలు విసిరి, అదనపు సమయంలో 30-27తో గెలిపించాడు. జట్టు చరిత్రలో ఒక్క ఆటలో ఎవరూ అంత విసరలేదు; 2011లో క్యామ్ న్యూటన్ విసిరిన 432 చెరిగిపోయింది. ఏ ఆదివారం ఏ యంగ్ వస్తాడో తెలియని జట్టుకు నిద్ర ఎలా పడుతుంది? ఏడాది మొత్తం మీద 16 ఆటల్లో 3,011 గజాలు, అంటే ఆటకు 190 కన్నా తక్కువ. నేటి లీగ్‌లో అది గొప్ప లెక్కేమీ కాదు. 8 గెలిచి 9 ఓడి, మరో రెండు జట్లతో సమానంగా నిలిచి, లెక్కల మెలికతో నాలుగు జట్ల తమ డివిజన్‌లో మొదటి స్థానం దక్కించుకున్నారు. దాన్ని పట్టాభిషేకంలా చెప్పుకోవడం సమర్థకులకు తగదు.

సమర్థకులు తరచు తెచ్చే మరో ఉదాహరణ పేటన్ మానింగ్. 1998లో తొలి ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, మరుసటి ఏడాది జట్టును 13 గెలుపులకు చేర్చాడు. నిజమే. కానీ 2002లో హ్యూస్టన్ మొదటి స్థానంలో తీసుకున్న డేవిడ్ కార్ తొలి ఏడాది 76 సార్లు నేలకరిచాడు, తర్వాత ఆ స్థాయి క్వార్టర్‌బ్యాక్ కాలేకపోయాడు. ఒకరి కథ మరొకరి జాతకం కాదు. రెండు వర్గాలూ ఈ పేర్లను పక్కన పెడితే వాదన సగం తగ్గుతుంది.

ఎత్తు మీద వాదన అయితే మరీ విడ్డూరం. 5 అడుగుల 10 అంగుళాలవాడు ఈ ఆటకు పనికిరాడని షార్లెట్ స్టేడియం ఎదుట నిలబడి వాదించేవాళ్లు తల తిప్పి చూస్తే ఒక కంచు విగ్రహం కనిపిస్తుంది. పాంథర్స్ పాత ఆటగాడు శామ్ మిల్స్‌ది. 5 అడుగుల 9 అంగుళాలు. పొట్టివాడని జట్లు కాదన్న ఆయన 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. క్యాన్సర్‌తో పోరాడుతూ కోచ్‌గా ఆయన చెప్పిన ‘కీప్ పౌండింగ్’ (బాదుతూనే ఉండు) అన్న మాటే నేటికీ ఆ జట్టు నినాదం. ప్రతి ఆటకు ముందు మోగించే పెద్ద డప్పు ఆ మాట పేరు మీదే. నమ్మకమంతా పొట్టివాడి మాట మీద, అనుమానమంతా పొట్టివాడి మీద!

యాజమాన్యం మరిచిపోకూడని పేరు మరొకటి ఉంది, శామ్ డార్నల్డ్. 2021లో మూడు డ్రాఫ్ట్ ఎంపికలు పోసి కొన్నది ఈ పాంథర్సే. రెండేళ్లు చూసి, యంగ్‌ను తెచ్చుకున్న 2023లోనే వదిలేశారు. 2024లో అతను మిన్నెసోటాను 14 గెలుపులకు తీసుకెళ్లాడు. ఆ తర్వాత సియాటిల్‌కు మారి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కప్పు ఎత్తాడు. న్యూయార్క్ జెట్స్ పనికిరాడని అమ్మితే, షార్లెట్ పనికిరాడని పంపేసింది. నిజానికి అతను మారాడా, లేక మొదటిసారి చుట్టూ సరైన జట్టు దొరికిందా అన్నది ఎవరూ తేల్చలేరు. మా అంచనా రెండోదే ఎక్కువ.

యంగ్ విషయంలో మేము చెప్పేది ఇంతే. ధర పోయింది, తిరిగి రాదు. మూర్ షికాగోలో ఆడాడు, విలియమ్స్ షికాగోలో ఆడుతున్నాడు. ఆ ఖాతా మూసేయాలి. ధర చీటీ చించి చూస్తే అక్కడున్నది చివరి నిమిషాల్లో చేయి వణకని, ఆటలోని నాలుగు భాగాల్లో మొదటి మూడింటిలో తరచు మందగించే 24 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్. అలాంటివాడిని వదులుకోకూడదు. అలాగని పదేళ్ల భవిష్యత్తు రాసివ్వనూ కూడదు. తొలి రౌండు ఆటగాళ్ల నాలుగేళ్ల ఒప్పందాన్ని జట్టు కోరితే ఐదో ఏడాదికి పొడిగించే వెసులుబాటు పెట్టింది ఇలాంటి సందిగ్ధం కోసమే. ఆ ఏడాదిని వాడుకుని, ఈ వేసవిలో అతని ముందు గోడ ఇంకాస్త గట్టిచేసి, అదే కోచ్‌ను ఉండనివ్వాలి. కోట్ల డాలర్ల రెండో ఒప్పందం సంగతి వచ్చే జనవరిలో మాట్లాడుకోవచ్చు.