యోకిచ్ కూర్చుంటే గుండె దడ

డెన్వర్ నగ్గెట్స్ బాస్కెట్‌బాల్ స్టార్ యోకిచ్ రెండు నిమిషాలు ఊపిరి తీసుకుందామని బెంచి మీద కూర్చుంటే చాలు, నాకు టెన్షన్ మొదలు. కష్టపడి తెచ్చిన ఆధిక్యం కళ్లముందే కరిగిపోతుంది. ఎన్నేళ్లిలా?

2023లో డెన్వర్ ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టైటిల్ గెలిచింది. ఆ వెంటనే బెంచి మీంచి వచ్చి ఆదుకునే బ్రూస్ బ్రౌన్, జెఫ్ గ్రీన్ ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల చోటు ఎవరు నింపారు? 2024-25లో మ్యాచ్‌కి యోకిచ్ సగటు 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి అందుకోవడం), 10.2 అసిస్టులు (బుట్ట పడేలా ఇచ్చిన పాస్‌లు). ఒక్క మనిషి ఇంకేం చేయాలి? అయినా ప్లేఆఫ్స్‌లో ఓక్లహోమా జట్టు చేతిలో సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్‌లో చిత్తుగా ఓటమి.

2025 వేసవికి గానీ బెంచికి బలంగా వాలన్‌చూనస్, హార్డవే రాలేదు. బ్రౌన్ మళ్లీ వచ్చాడు. అదే బ్రౌన్! ఈ పని అప్పుడే ఎందుకు చేయలేదు? మూడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయినవాడి మంచి వయసు ఇలా ఖర్చయిపోతుంటే ఒళ్లు మండదా?