తెల్ల చీర గారికి వందనాలు

ప్రభువునందు ప్రియమైన తెల్ల చీర గారికి,

మొన్న శుక్రవారం హనుమకొండ ఉపవాస కూడికలో మీ దర్శనమైంది. పది నుంచి ఒంటిగంట దాకా అని వాట్సాప్‌లో పెట్టారు. నాలుగున్నరకు దైవజనులు "ముగింపులోకి వస్తున్నాను" అన్నారు. దాని గురించి నేనేమీ అనను. ఉపవాసం కదా, తొందరగా ఇంటికెళ్లి చేసేదేముంది.

అంశం పరిశుద్ధత. హెబ్రీ పత్రిక పన్నెండో అధ్యాయం, పద్నాలుగో వచనం. "పరిశుద్ధత లేకుండ ఎవడును ప్రభువును చూడడు" అని మా అందరితో పదే పదే చెప్పించారు. ఆ వచనం మొదటి సగంలో అందరితో సమాధానంగా ఉండటానికి ప్రయత్నించమని ఉంటుంది. దానికి టైం చాలలేదు, పాపం. బతుకమ్మ నాడు పక్కింటామె సత్తుపిండి తెస్తే తలుపు కూడా తీయని అక్కలు మన సంఘంలోనే ఉన్నారు. తినకపోతే మానె, తలుపు తీసి "బాగున్నవా" అంటే పోయేదేముంది?

మిగతా టైమంతా అక్కలు కమ్మలు, ముక్కుపుల్ల, గాజులు, పూలు పెట్టుకోవద్దని చెప్పడానికే సరిపోయింది. సహోదరుల వైపు అయ్యగారు ఒకే ఒక్కసారి తిరిగారు, ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోమని. ముందు కుర్చీలో పెద్దాయన చేతికి మెరుస్తున్న బంగారు రంగు గడియారం ఆయనకు కనబడలేదు. వెలుతురు తక్కువైందేమో.

అసలు సంగతికి వస్తాను. మా వాడకట్టు నుంచి నాతో ఒకామె వచ్చింది. పసుపు రంగు చీర, చేతులకు మట్టిగాజులు, చెవులకు చిన్న కమ్మలు. రెండో వరుసలో కూర్చుంది. అప్పుడు మీరు గంజి చప్పుడు చేసుకుంటూ వచ్చారు. మిమ్మల్ని కట్టుకున్న అక్క ఆమె భుజం తట్టి, "చెల్లె, నువ్వు వెనకకు పో. ముందట సిద్ధపడి వచ్చినోళ్లు కూసుంటరు" అంది. ఆమె లేచి చెప్పులు విడిచే చోటికి పోయి కూర్చుంది. మారుమాట లేదు.

మీరు ఏ సిద్ధపాటుతో వచ్చారండీ? గంజి, నీలిమందు, ఇస్త్రీ. ఇంకేమైనా ఉందా?

మీ వాళ్లకు ఎప్పుడూ నోటి మీద ఉండే వాక్యం మొదటి పేతురు మూడో అధ్యాయం, మూడో వచనం. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం మీకు అలంకారం కావద్దు అని. అక్కడే ఆగకుండా ఆ వచనం పూర్తిగా చదవమనండి. నగల పక్కనే "వస్త్రములు ధరించుకొనుటయు" అని ఉంటుంది. కమ్మలున్న లిస్టులోనే మీరూ ఉన్నారు తెల్ల చీర గారూ. ఆమె కమ్మలకు చెప్పుల దగ్గర చోటైతే, మీకు ముందు వరుస ఎట్లా వచ్చింది?

"నేను పరిశుద్ధుడను గనుక మీరును పరిశుద్ధులై యుండుడి" అని ఆటోల వెనక కూడా రాయించుకుంటాం. అది పాత నిబంధనలో ఎక్కడుందో ఎప్పుడైనా తీసి చూశారా? లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం మొదలయ్యేదే ఆ మాటతో. ఆ తర్వాత ఏముంది? పంట కోసేటప్పుడు చేను ఓరలు బీదల కోసం వదిలెయ్యమని ఉంది. చెవిటివాణ్ని తిట్టొద్దని, తల నెరిసినవాళ్లు వస్తే లేచి నిలబడమని ఉంది. తూకంలో మోసం చేయొద్దని ఉంది. పత్తి సీజన్‌లో తేమ పేరు చెప్పి తరుగు తీసే మన సంఘపెద్దలు ఆ పేజీ దగ్గర కొంచెం ఆగితే బాగుండు. బట్ట నేతకు సంబంధించి అక్కడ ఒక్క మాట ఉంది: రెండు రకాల నూలు కలిసిన బట్ట కట్టుకోవద్దని. మీ అంచు మీది ముద్ర చదివాను. మీరు పాలిస్టర్ కలిసిన కాటన్.

ఆ అధ్యాయంలోనే పదమూడో వచనం కూలి గురించి. కూలివాని కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది.

ఇంటికొస్తుంటే ఆటోలో తెలిసింది. ఆమె ఆ అక్క ఇంట్లోనే పాచిపని చేస్తుంది. అంట్లు తోముడు, ఇల్లు తుడుసుడు, ఆదివారం నాడు మిమ్మల్ని ఉతికి గంజి పెట్టేది కూడా ఆమెనే. "పోయిన నెలది ఇయ్యలే, అంతకుముందుదీ ఇయ్యలే. అడిగితే ప్రార్థనల పెట్టిన అంటది" అని చెప్పింది.

జీతం ప్రార్థనలో పెట్టారట! మందిరానికి ఏసీ పెట్టించడం ప్రార్థనలో పెట్టండి. మీవాడికి అమెరికా వీసా ప్రార్థనలో పెట్టండి. బీరువాలో ఉన్న డబ్బు తీసి ఇవ్వడానికి దేవుని చిత్తం కనిపెట్టాలా?

1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి చూడటానికి క్రిస్మస్‌కు బస్సు మాట్లాడుకుని పోతారు మనవాళ్లు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర కట్టించాడని దారి పొడుగునా చెబుతారు. కూలి ఇచ్చి కట్టించిన ఆ గుడి ముందు సెల్ఫీ దిగి, ఇంటికొచ్చి కూలి ఎగ్గొడతారు.

ఒకప్పుడు నువ్వంటే నాకు గౌరవమే. అవును, "నువ్వు" అంటున్నా. మా నాయనమ్మ నిన్నే కట్టుకునేది. సువార్తికులు భక్త సింగ్ గారు 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను మందిరం మొదలుపెట్టాక, కాజీపేటలో రైలెక్కి ఆ కూటాలకు పోయేది. నేల మీద చాపలు, అందరికీ ఒకటే ప్రేమవిందు. పొలంలో నాటు వేసే మనిషి పక్కన టీచరమ్మ కూర్చుని తినేదట. ఇద్దరికీ తెల్ల చీరే కాబట్టి ఎవరు ఎవరో తెలిసేది కాదని నాయనమ్మ ఎంత సంబరంగా చెప్పేదో. అదీ అప్పట్లో నీ పని. ఇప్పుడు నిన్ను చూసే ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలుస్తున్నారు.

ఆమె కమ్మలు తీస్తుందో లేదో ఆమెకూ ప్రభువుకూ వదిలెయ్యి. ఈ ఆదివారం ప్రభువు బల్ల ఉంది, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. నిన్ను కట్టుకునే అక్కతో చెప్పు, రొట్టె ముట్టుకునే లోపల రెండు నెలల జీతం వేసెయ్యమని. ఫోన్‌పే నంబర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. పనికి రాని రోజు తిట్టడానికి చేసేది ఆ నంబరుకే.