బయాఫ్రా పౌండు నోటుకు లక్షలు రావు

"మూడేళ్లు కూడా బతకని దేశం. దాని నోటు దొరకడమే అరుదు. వరస నంబరు లేకపోతే అచ్చుతప్పు, ధర లక్షల్లో. బ్యాంకు కూడా మార్చి ఇస్తుంది. మరకలుంటే కడిగి ఇస్త్రీ చేసి అమ్ముకోండి." బయాఫ్రా ఒక పౌండు నోటు గురించి తెగ తిరుగుతున్న మాటలివి. ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. 1967 మే 30న నైజీరియా నుంచి విడిపోయిన బయాఫ్రా కథ 1970 జనవరి 15న లొంగుబాటుతో ముగిసింది.

కొద్దికాలమే ఉంది కాబట్టి నోట్లు తక్కువ అన్నది తప్పు. 1968 జనవరిలో నైజీరియా తన నోట్లు మార్చి పాతవి రద్దు చేసింది. బయాఫ్రాలో చలామణీలో ఉన్నవి ఆ పాత నోట్లే. అందుకే బయాఫ్రా బ్యాంకు అదే నెలలో సొంతంగా 5 షిల్లింగులు, 1 పౌండు నోట్లు తెచ్చింది. 1969లో రెండో విడతగా 5, 10 షిల్లింగులు, 1, 5, 10 పౌండ్లు వచ్చాయి. యుద్ధం ముగిసేనాటికి చలామణీలో 11.5 నుంచి 14 కోట్ల పౌండ్లు ఉన్నాయని అంచనా.

ఇవి ఇప్పటికీ సులువుగా దొరకడానికి అసలు కారణం ఇంకొకటుంది. మామూలుగా రద్దయిన నోట్లు బ్యాంకుకు తిరిగొచ్చి నాశనమవుతాయి. ఓడిపోయిన దేశం నోటును మార్చి ఇచ్చే బ్యాంకు లేదు కాబట్టి ఇవి జనం దగ్గరే ఉండిపోయాయి. రెండో విడత ఒక పౌండు నోటు పెళపెళలాడే కొత్తదైనా తక్కువ ధరకే దొరుకుతుంది. నిజంగా వెతకాల్సినవి 5, 10 పౌండ్ల నోట్లు. నోటు మీద సంవత్సరం ఉండదు. కాబట్టి కొనేముందు పిక్ కేటలాగు (ప్రపంచ దేశాల నోట్లకు నంబర్లిచ్చే జాబితా) నంబరు అడగండి: మొదటి విడతవి 1, 2; రెండో విడతవి 3 నుంచి 7.

నోటు మీద వరస నంబరు లేకపోవడం అచ్చుతప్పు కాదు. బొమ్మ అచ్చయ్యాక నంబరు విడిగా పడుతుంది. ఆ దశకు చేరకుండా మిగిలిపోయిన నోట్లివి. కేటలాగులో వీటికి విడి స్థానం ఉంది. అయితే నంబరు చెరిపేసి అమ్మే అవకాశం ఉంది, జాగ్రత్త. చీకట్లో టార్చి నోటుకు దాదాపు సమాంతరంగా పట్టి, నంబరు ఉండాల్సిన చోట పది రెట్ల భూతద్దంతో చూడండి. గీకిన చోట కాగితం పీచు లేచి ఉంటుంది, నేపథ్యంలోని సన్నగీతల రంగు వెలిసి ఉంటుంది.

"బ్యాంకు మార్చి ఇస్తుంది" అన్నదీ నమ్మొద్దు. యుద్ధం తర్వాత బయాఫ్రా ప్రాంత ఖాతాదారులకు, జమ ఎంత ఉన్నా, నైజీరియా ప్రభుత్వం 20 పౌండ్లే ఇచ్చింది. 1973లో పౌండే పోయి నైరా వచ్చింది. ఇక రిజర్వు బ్యాంకు పేరుతో పాత నోట్లు కొంటామనేవాళ్లను నమ్మొద్దని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

అన్నిటికంటే నష్టం చేసేది కడిగి ఇస్త్రీ చేయమన్న సలహా. నీళ్లు తగిలితే కాగితంలోని గంజి పోయి నోటు మెత్తబడుతుంది, పెళపెళ పోతుంది. ఇస్త్రీ మడతను అణుస్తుందే తప్ప తెగిన పీచును అతకదు. టార్చి వెలుగులో ఆ గీత మళ్లీ కనిపిస్తుంది. లామినేషన్ చేస్తే ఇక నోటును పాత స్థితికి తేలేరు. మెత్తటి పీవీసీ కవర్లలోని రసాయనం కొన్నేళ్లకు జిగురులా ఊరి సిరాను లాగేస్తుంది. పాలియెస్టర్ కవరు కొని, నోటును అంచులు పట్టుకుని పెట్టండి, ఎండ తగలనివ్వకండి.