శుక్రుడి దాకా వెళ్ళిన లెక్క ఉద్దానం తోటకి ఎప్పుడొస్తుంది

"సూరీడే ఏడెక్కిపోతన్నాడు బావూ, మనమేటి సేత్తాం" అని మా చిన్నాన్న ఎప్పుడూ అంటుంటాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు దగ్గర ఆయనకి కొబ్బరి తోట, కొంచెం జీడి ఉన్నాయి. ఆయనే కాదు, పలాసలో టీ కొట్టు దగ్గర బాగా చదువుకున్నోళ్ళు కూడా ఇదే అంటారు, వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇందులో మనిషి చేసిందేముంది అని. దీనికి జవాబు నాకు భూమ్మీద కన్నా పక్క గ్రహాల మీద ఇంకా క్లియర్‌గా కనిపిస్తుంది.

సూర్యుడికి అన్నిటికన్నా దగ్గర బుధుడు, అక్కడ పగటి వేడి 430 డిగ్రీల దాకా వెళ్తుంది. శుక్రుడు దానికన్నా దూరం, అయినా 465 డిగ్రీలు, రాత్రయినా తగ్గదు. పైగా శుక్రుడి మబ్బులు పడిన ఎండలో ముప్పావు వంతు వెనక్కి కొట్టేస్తాయి, అంటే లోపలికి దిగే ఎండ మన భూమి తీసుకునేదానికన్నా తక్కువే, మరి ఆ వేడి ఎక్కడిది? అక్కడి గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్, ఒత్తిడి మన దగ్గర కన్నా 90 రెట్లు. నేల నుంచి పైకి పోవాల్సిన వేడిని ఆ గ్యాస్ పట్టేసుకుంటుంది. అంగారకుడి గాలిలోనూ 95 శాతం అదే గ్యాస్, కానీ గాలే దోమతెర అంత పల్చన, అందుకే సగటున మైనస్ 60. ఒకప్పుడు అక్కడ నీళ్ళు పారిన ఆనవాళ్ళున్నాయి, ఆ గాలి అంతరిక్షంలోకి ఎలా జారిపోతోందో నాసా వాళ్ళ మావెన్ ఉపగ్రహం 2014 సెప్టెంబర్‌లో అక్కడికి చేరి కొలిచింది. అదే సెప్టెంబర్‌లో మన మంగళయాన్ కూడా చేరింది.

జేమ్స్ హాన్సెన్ అనే నాసా శాస్త్రవేత్త మొదట శుక్రుడి మబ్బుల మీదే పనిచేశాడు, తర్వాత మన గాలే కళ్ళ ముందు మారిపోతోందని ఆ పని వదిలేసి భూమి మీదకొచ్చాడు, 1988 జూన్‌లో అమెరికా సెనేట్ ముందు వేడి పెరగడం మొదలైపోయిందని చెప్పాడు. భూమి శుక్రుడైపోతుందని నేననట్లేదు, రెండుచోట్లా ఫిజిక్స్ ఒకటే అంటున్నా. హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళలో 315, ఇప్పుడు 420 దాటింది.

ఇక చిన్నాన్న మాట. సూర్యుడే కారణమైతే గాలి పైపొరలు కూడా వేడెక్కాలి. కొలిచి చూస్తే కింద వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే జరుగుతుందని మనాబే అనే వాతావరణ శాస్త్రవేత్త 1967లోనే లెక్కగట్టాడు, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. సూర్యుడి మీద నేరం మోపడానికి ఇంక చోటు లేదు.

ఈ అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. ఒక డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. మా మీద పడిన తిత్లీ తుఫాను ఒక్కదాన్నే పట్టుకుని ఇది వేడి వల్లే అనలేం, తుఫాన్లు మనకేం కొత్త కాదు, కానీ వేడి సముద్రం తుఫానుకి మేత, బలపడేదాన్ని ఇంకా తొందరగా బలపరుస్తుంది. తిత్లీ 2018 అక్టోబర్ 8న వాయుగుండం, 10కల్లా అతి తీవ్ర తుఫాను, 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఆ రాత్రి మేం చిన్నాన్న ఇంట్లోనే ఉన్నాం. తెల్లారి పెరటి తలుపు తీస్తే సముద్రం కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గుమ్మంలోంచి సముద్రం చూడటం అదే మొదలు, మధ్యలో తోట ఉండేది మరి. చిన్నాన్న ఏం మాట్లాడకుండా సున్నం డబ్బా పట్టుకుని పడిపోయిన చెట్టుకల్లా ఒక గీత గీసుకుంటూ వెళ్ళాడు, నష్టం రాసుకోడానికి వచ్చేవాళ్ళకి లెక్క తప్పకూడదని.

మూడేళ్ళకి 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను, కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అది ఇక్కడితో చావలేదు, దేశం అడ్డంగా దాటి అరేబియా సముద్రంలో దిగి షాహీన్ అనే కొత్త పేరుతో ఒమన్ మీద పడింది. ఇక్కడ చేపల వేట గిట్టక మనోళ్ళు గుజరాత్ వెరావల్‌కి వలసపోతుంటారు, తుఫాను కూడా ఆ పక్కకే పోయింది.

ముందస్తు హెచ్చరికలు ఇప్పుడు చాలా బాగా వస్తున్నాయి, ప్రాణాలు నిలబడుతున్నాయి, అందుకు వాతావరణ శాఖ వాళ్ళకి దండం పెట్టాలి. కానీ మనుషుల్ని షెల్టర్‌కి తీసుకెళ్ళగలం గాని తోటని తీసుకెళ్ళలేం కదా. ముందు ముందు ఎలా ఉంటుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ళు భూమిని గడులుగా విడగొడతాయి, ప్రపంచ వాతావరణ మోడళ్ళలో ఒక్కో గడి మామూలుగా 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఉద్దానం మొత్తం ఒక గడిలో పట్టేస్తుంది. పుణెలో ఐఐటీఎం అనే కేంద్ర వాతావరణ పరిశోధన సంస్థ మనకంటూ సొంత మోడల్ కట్టింది, కళింగపట్నంలో వాతావరణ కేంద్రం ఉంది, అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది. వీళ్ళంతా కలిసి కూర్చుని ఈ తీరానికి, ఈ ఇసక నేలకి, రాబోయే యాభై ఏళ్ళకి లెక్క తీసి తెలుగులో రైతు చేతిలో పెట్టాలి, డబ్బు దీనికి పెట్టాలి అని నేను గట్టిగా అంటున్నా. తుఫాను వెళ్ళాక చెట్టుకింత అని పంచడం కన్నా ఇది ముందు జరగాలి.

చిన్నాన్న 2019లో మళ్ళీ నాటాడు, ఇప్పుడు గెలలు వేస్తున్నాయి. అవి 60 ఏళ్ళు నిలబడితే 2079. కాలువ గట్టు పక్కన కొంత ఖాళీ మిగిలింది, మొన్న ఫోన్ చేసి అడిగాడు, "నాటు రకం ఎయ్యాలా, పొట్టి రకం ఎయ్యాలా, ముందు ముందు వచ్చే గాలికి ఏది ఆగుద్ది బావూ?" కనుక్కుని చెప్తానన్నాను. గోతులు తీసి ఉంచాడు, మొక్కలు ఇంకా దించలేదు.