విల్కోకి ఆర్నెల్లు సెలవు ఇచ్చి ఉంటే!

డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ గురించి ఎవరు రాసినా అదే మాట: పంక్‌కి, అంటే డెబ్భైల చివర్లో వచ్చిన ఆ మొరటు, వేగం రాక్‌కి, దారి వేశారు, తర్వాత ఈగోలతో విడిపోయారు. ఈ ‘ఈగో’ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట, ఆయిల్ ట్యాంకుల పక్కనున్న క్యాన్వీ ఐలాండ్ కుర్రాళ్లు వీళ్లు. 1971లో మొదలుపెట్టారు. పెద్ద బ్యాండ్లు అరగంట పాటలతో స్టేడియాలు నింపుతున్న కాలంలో, వీళ్లు లండన్ పబ్బుల్లో జనం మీద పడిపోయేంత దగ్గరగా నిలబడి మూడు నిమిషాల రిథమ్ అండ్ బ్లూస్ (రాక్‌కి మూలమైన నల్లజాతి అమెరికన్ సంగీతం) వాయించారు. మాసిన తెల్ల సూట్‌లో సింగర్ లీ బ్రిల్లో గర్జించేవాడు. నల్ల సూట్‌లో గిటారిస్టు విల్కో జాన్సన్ కళ్లు పెద్దవి చేసి స్టేజి మీద అటూ ఇటూ దూసుకుపోయేవాడు. తీగలు మీటే పిక్ లేదు, ఉత్త వేళ్లే. వెనక నడిచే రిథమూ, ముందు వినిపించే లీడూ ఒకే చేతి నుంచి! పాత వీడియోలు చూడండి, మెషిన్‌గన్ పేలుతున్నట్టే ఉంటుంది.

1975లో మొదటి ఆల్బమ్, అదీ స్టీరియో కాదు, పాతకాలపు మోనోలో. 1976లో లైవ్ ఆల్బమ్ ‘స్టుపిడిటీ’ బ్రిటన్‌లో నంబర్ వన్. పబ్బుల్లోంచి వచ్చిన బ్యాండ్‌కి అది మామూలు విషయమా? అదే ఏడాది స్టిఫ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ పుట్టింది కూడా లీ అప్పిచ్చిన 400 పౌండ్లతోనే.

మరుసటి ఏడాదికే విల్కో బయట ఉన్నాడు. తీసేశారని అతను, తనే వెళ్లాడని మిగతావాళ్లు. రికార్డింగ్‌లో ‘లకీ సెవెన్’ అనే ఒక్క పాట దగ్గర గొడవ ముదిరింది. కానీ అసలు కారణం పాట కాదు. కొత్త పాటల భారమంతా దాదాపు ఒక్కడి మీదే. పైన టూర్లు, అమెరికా ప్రయాణాలు. మిగతా ముగ్గురూ బార్‌లో కలిసి తాగుతుంటే, తాగని విల్కో గదిలో ఒంటరిగా కూర్చుని తర్వాతి ఆల్బమ్‌కి పాటలు ఎక్కడి నుంచి తేవాలా అని టెన్షన్ పడేవాడు. అలాంటి మనిషి చిరాకుపడితే దాన్ని ఈగో అంటారా?

లీని తప్పుపట్టను. కొత్త గిటారిస్టుతో 1979లో ‘మిల్క్ అండ్ ఆల్కహాల్’ పాటని బ్రిటన్ టాప్ టెన్‌కి తీసుకెళ్లాడు, 1994లో క్యాన్సర్‌తో పోయేదాకా బ్యాండ్‌ని నిలబెట్టాడు. నా కోపమల్లా ఆ హడావుడి మీదే. నంబర్ వన్ వచ్చాక టూర్లు ఆపి, ఆర్నెల్లు విల్కోని ఇంట్లో కూర్చోనిచ్చి ఉంటే, 1977లో పంక్ కుర్రాళ్ల పక్కన ఈ నలుగురూ నిలబడి ఉండేవాళ్లని నేను గట్టిగా నమ్ముతున్నాను.